ట్రాలీ ఎందుకు ఊగుతుంది? ధర్మకాంటా చెప్పిన నిజం

ఈ రోజు ఎపిసోడ్‌లో కొత్త ఫోన్ లేదు, యాప్ లేదు. మా ఇంటి ట్రాక్టర్ ట్రాలీ ఉంది. పోయిన పత్తి సీజన్‌లో అది రోడ్డు మీద పాము లెక్క ఊగేది. దాన్ని బాగు చేయడానికి మాకు మూడు వారాలు పట్టింది. అసలు తప్పు ఎక్కడుందో తెలిసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ తప్పు చేసింది మెకానిక్ కాదు, డ్రైవర్ కాదు. నేనే. ఎట్లనో చివర్లో చెప్తా. ముందు అసలు ఏమైందో వినండి.

మాది దేవరకొండ దగ్గర ఊరు. అమ్మవాళ్లది కల్వకుర్తి వైపు. అంటే నాన్న నల్లగొండ, అమ్మ పాలమూరు. రెండు దిక్కులా ఎర్ర నేల, రాళ్ల గుట్టలు, బోరు నీళ్లు, పత్తి. నవంబర్ వచ్చిందంటే ఏ రోడ్డు చూసినా పత్తి నింపిన ట్రాలీలే. జిన్నింగ్ మిల్లు ముందు లైన్ కట్టాలి, ఒక్కోసారి రాత్రంతా అక్కడే పడుకోవాలి. అందుకే ఎవరైనా ఒక్క ట్రిప్పులో ఎంత ఎక్కువ పడితే అంత తీసుకుపోవాలని చూస్తారు. మేమూ అంతే.

ఆ రోజు పొద్దున ట్రాక్టర్ మా చిన్నాన్న కొడుకు నడుపుతున్నాడు. నేను మడ్‌గార్డ్ మీద కూర్చున్నా. అది కూడా తప్పే, మీరు కూర్చోకండి. కొండమల్లేపల్లి వైపు పోతున్నాం. చిన్న దిగుడు వచ్చింది. ట్రాక్టర్ స్పీడ్ కొంచెం పెరిగింది. వెనక ట్రాలీ తోక ఎడమకు పోయింది, కుడికి వచ్చింది, మళ్లీ ఎడమకు. మొదట జానెడు, తర్వాత మూరెడు. అదే టైంలో మమ్మల్ని దాటుదామని ఒక బైక్ పక్కకు వచ్చింది. బైక్ మీద ఒకాయన, వెనక స్కూల్ బ్యాగ్ వేసుకున్న చిన్న పాప.

ట్రాలీ తోక ఆయన మీదికి వచ్చింది. తగల్లేదు. కానీ ఆయన తప్పించుకోబోయి రోడ్డు దిగి మట్టిలో పడ్డాడు. పాప మోచేయి గీరుకుపోయింది. ఆయన మోకాలికి దెబ్బ తగిలింది. మేం ఆపి ఉరికినం. తిడతాడనుకున్నాం. తిట్టలేదు. పాప బట్టల మీద దుమ్ము దులిపి, మా దిక్కు చూసి ఒక్క మాట అన్నాడు: "బండి ఒకసారి చూపిచ్చుకోండి అన్నా." అంతే. తిట్టి ఉంటే ఇంత గుర్తుండకపోయేది.

ఇంటికొచ్చి అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట. నాన్న "రోడ్డు అట్లుంది" అన్నాడు. పక్కింటి కాక "పోరగాళ్లు స్పీడు పోతరు, అందుకే" అన్నాడు. మెకానిక్ "బేరింగులు పోయినయి" అని రెండు చక్రాలకూ మార్చి 2,800 తీసుకున్నాడు. మళ్లీ లోడ్ వేసి పోతే మళ్లీ ఊగింది. వీళ్లెవరూ అబద్ధం చెప్పలేదు. ట్రాలీ ఊగడానికి ఒక్కటే కారణం ఉండదు, నాలుగైదు కలుస్తాయి. అందుకే ఒక్కటి మార్చి "అయిపోయింది" అనుకుంటే మోసపోతాం.

అసలు ఎందుకు ఊగుతుందో రెండు నిమిషాల్లో చెప్తా. నేను బీటెక్ మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లోకి పోయినోణ్ని. మనలాంటోళ్లు చాలామంది ఉన్నారు కదా. ఇది ఫస్ట్ ఇయర్‌లో చదివిందే.

రెండు టైర్ల ట్రాలీ ముందు పిన్ను దగ్గర ట్రాక్టర్‌కు వేలాడుతుంది, వెనక ఇరుసు మీద నిలబడుతుంది. ఒక గుంత తగిలి తోక పక్కకు జరిగిందనుకోండి. టైర్లు రోడ్డును పట్టుకుని దాన్ని మళ్లీ లైన్‌లోకి గుంజుతాయి. అది లైన్ దాటి కొంచెం అవతలికి పోతుంది, మళ్లీ వస్తుంది. మామూలుగా ప్రతి ఊపూ ముందుదానికంటే చిన్నగా అవుతూ ఆగిపోతుంది. కానీ స్పీడ్ పెరిగే కొద్దీ ఆ ఆపే శక్తి తగ్గుతుంది. ఒక స్పీడ్ దాటితే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దగా అవుతుంది. మాకు ఆ దిగుడులో అయింది అదే.

ఆ స్పీడ్ ఎంత అనేది మీ ట్రాలీని బట్టి ఉంటుంది. అన్నీ బాగున్న ట్రాలీకి అది ట్రాక్టర్ అందుకోలేనంత ఎక్కువ ఉండొచ్చు. బాగాలేని ట్రాలీకి 20 దగ్గరే రావొచ్చు. కాబట్టి మన పని ఆ హద్దును ట్రాక్టర్ స్పీడ్ కంటే చాలా పైకి నెట్టడం. దానికి మేం చూసిన నాలుగు విషయాలు వరుసగా చెప్తా. చూసేముందు ట్రాక్టర్ ఇంజిన్ బంద్ చేయండి, హ్యాండ్ బ్రేక్ వేయండి, చక్రాల ముందు వెనక రాళ్లు పెట్టండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ట్రాలీ కిందికి దూరకండి.

మొదటిది పిన్ను. ట్రాక్టర్‌నూ ట్రాలీనీ కలిపే హుక్కు పిన్ను. మాది ఒక అంగుళం పిన్ను. ట్రాలీ కన్ను మొదట్లో గుండ్రంగానే ఉండేది. అరిగి అరిగి కోడిగుడ్డు లెక్క అయింది. పిన్ను పెట్టినంక పక్కన నా చిటికెన వేలు దూరింది. ఇంత వదులుంటే ఏమవుతుంది? ట్రాలీ ఆ వదులు మేర ఊరికే జరుగుతుంది, తర్వాత ఢక్కున పిన్నుకు తగులుతుంది. ఆ దెబ్బే ఇంకో ఊపుకు మొదలు. వెల్డింగ్ షాపులో కన్నుకు కొత్త బుష్ వేయించినం, సరిపోయే కొత్త పిన్ను తెచ్చినం. కొందరు ఇనుప చువ్వ ముక్క కోసి పిన్నుగా పెడతారు. వద్దు. కింద లాక్ పిన్ను తప్పకుండా ఉండాలి. ఒక గట్టి గొలుసు కూడా కట్టండి. పిన్ను ఊడినా ట్రాలీ ఎదురు బండి మీదికి పోకుండా ఉంటుంది.

రెండోది చక్రాలు. ఒక్కో చక్రం జాకీ మీద లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. టకటక అంటే బేరింగ్ వదులుంది. మాది అప్పటికే మార్చారు కాబట్టి గట్టిగానే ఉంది. తర్వాత టైర్లు. ట్రాలీలకు మనం పాత లారీ టైర్లు వేస్తాం కదా. రెండూ ఒకే సైజు అనుకున్నాం. టేపు పెట్టి చుట్టూ కొలిస్తే ఆరు సెంటీమీటర్ల తేడా వచ్చింది. ఒకటి బాగా అరిగిపోయింది. గాలి కూడా ఒకదాంట్లో ఎక్కువ, ఒకదాంట్లో తక్కువ. జత కలిసే టైరు వేసి, రెండిట్లో గాలి సమానం చేసినం. టైరు పక్కన రాసిన ప్రెషర్ దాటొద్దు.

మూడోది ఇరుసు. ఇది చాలామంది చూడరు. ఇద్దరు మనుషులు, ఒక టేపు చాలు. ట్రాలీ కన్ను మధ్య నుంచి ఎడమ చక్రం హబ్ వరకు కొలవండి. అదే కన్ను నుంచి కుడి చక్రం హబ్ వరకు కొలవండి. రెండూ ఒక్కటే రావాలి. మాకు ఎడమవైపు రెండు సెంటీమీటర్లు తక్కువ వచ్చింది. అంటే ఇరుసు అడ్డంగా ఉంది. కుక్క పరుగెత్తేటప్పుడు ఒంటిని కొంచెం పక్కకు పెట్టి ఉరుకుతుంది చూడండి, మా ట్రాలీ అట్ల పోతోంది. కారణం ఏంటంటే కమాన్లను ఇరుసుకు పట్టి ఉంచే యూ బోల్టులు వదులై ఇరుసు జరిగింది. సరిచేసి బిగించినం. లోడుతో రెండు ట్రిప్పులు తిరిగినంక మళ్లీ ఒకసారి బిగించాలి. కొత్తగా బిగించినవి కొంచెం వదులవుతాయి.

ఈ మూడూ అయినంక ఖాళీ ట్రాలీతో పోయి చూసినం. అసలు ఊపే లేదు. సంబరపడ్డం. మర్నాడు పత్తి నింపి అదే దిగుడుకు పోయినం. మెల్లగా పోయినం, వెనక ఎవరూ లేకుండా చూసుకుని. మళ్లీ తోక కదిలింది. ముందంత కాదు, కానీ కదిలింది.

ఖాళీగా పోతే ఊగదు, లోడుతో పోతే ఊగుతుంది. అంటే తప్పు ఇప్పుడు ఇనుములో లేదు, బరువులో ఉంది.

ఆ రాత్రి కల్వకుర్తి తాతతో ఫోన్‌లో మాట్లాడుతూ ఇదంతా చెప్పిన. తాత జీవితంలో ట్రాక్టర్ నడపలేదు. ఎడ్లబండి మాత్రం నలభై ఏండ్లు తోలిండు. అంతా విని ఒక్కటే అడిగిండు: "నీ బండి ముంగటికి మొగ్గుతదా, ఎనుకకు మొగ్గుతదా?"

నాకు అర్థం కాలేదు. అప్పుడు తాత చెప్పిండు. బండి నింపినంక ఎడ్లను కట్టేముందు నొగను చేత్తో లేపి చూసేటోళ్లట. ముంగట బరువు మరీ ఎక్కువైతే కాడి ఎడ్ల మెడలు వంచుతది. వెనక బరువైతే ఇంకా అన్యాయం. కాడి పైకి లేస్తది, మెడ కింద తాడు బిగుసుకుని ఎద్దుకు ఊపిరాడదు. అందుకే కాడి మెడ మీద కొంచెం ఆని ఉండేటట్టు బస్తాలు ముందుకో వెనక్కో జరిపేటోళ్లు. "ఎద్దయితే ఆగిపోయి చెప్తది బిడ్డా. ట్రాక్టర్ ఎట్ల చెప్తది?" అన్నడు.

ట్రాక్టర్ చెప్పదు. కానీ ధర్మకాంటా చెప్తుంది. ఇదే నాలుగో విషయం, ఈ వీడియోలో ముఖ్యమైన విషయం. జాగ్రత్తగా వినండి, ఎవరైనా చేయొచ్చు.

మిల్లు దగ్గర లారీలు తూచే ధర్మకాంటా ఉంటుంది. మొదట ట్రాక్టర్ ఒక్కదాన్నే తూచండి. తర్వాత లోడ్ ఉన్న ట్రాలీ తగిలించి, ట్రాక్టర్ చక్రాలు నాలుగూ కాంటా మీద ఉండేటట్టు, ట్రాలీ చక్రాలు కాంటా బయట నేల మీద ఉండేటట్టు ఆపి తూచండి. కాంటా, నేల ఒకే మట్టంలో ఉండాలి. రెండుసార్లూ డ్రైవర్ సీటులో ఉండాలి, లేదా రెండుసార్లూ దిగాలి. రెండో తూకంలో నుంచి మొదటి తూకం తీసేయండి. వచ్చిందే ట్రాలీ మీ ట్రాక్టర్ హుక్కు మీద పెడుతున్న బరువు.

మాకు ఏమొచ్చిందో తెలుసా? ట్రాక్టర్ ఒక్కటి 2,150 కిలోలు. ట్రాలీ తగిలించినంక 2,110. పెరగలేదు, 40 కిలోలు తగ్గింది! అంటే ట్రాలీ మా ట్రాక్టర్ వెనక భాగాన్ని పైకి లేపుతోంది. తాత చెప్పిన మెడ తాడు బిగుసుకోవడం ఇదే.

దీంతో రెండు నష్టాలు. ఒకటి, బరువంతా ఇరుసు వెనక ఉంటే తోక సుత్తె లెక్క అవుతుంది. ఒకసారి ఊగితే ఆపడం కష్టం. రెండోది, మన ట్రాలీలకు బ్రేకులు ఉండవు, ట్రాక్టర్ బ్రేకు పనిచేసేది వెనక చక్రాల మీద. ఆ చక్రాలనే ట్రాలీ పైకి లేపుతుంటే రోడ్డు మీద పట్టు ఎక్కడిది?

ఇప్పుడు నా తప్పు సంగతి. మా ట్రాలీలో బరువు వెనక్కి ఎందుకు పోయింది? రెండేళ్ల కింద నేను హైదరాబాద్‌లో జాబ్ చేసేటప్పుడు నాన్నకు ఫోన్ చేసి ఒక ఐడియా ఇచ్చిన. "నాన్నా, రెండు ట్రిప్పులు ఎందుకు, డబ్బా వెనక రెండు ఫీట్లు పెంచితే ఒక్క ట్రిప్పులో అయిపోతది" అని. వెల్డింగ్‌కు పైసలు కూడా నేనే ఫోన్‌లో పంపిన. డబ్బా పెరిగింది. ఇరుసు మాత్రం ఉన్నచోటే ఉంది. పెంచిన రెండు ఫీట్లూ, అందులో పట్టే పత్తీ, మొత్తం ఇరుసు వెనకే. ఇంజనీరింగ్ మెకానిక్స్‌లో గరిమనాభి లెక్కలు చేసి పాసైనోణ్ని. ఎక్సెల్‌లో డీజిల్ ఎంత మిగుల్తదో లెక్క వేసిన. బరువు ఎటు పోతదో లెక్క వేయలేదు. ఆ పాప మోచేయి గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గనిపిస్తుంది.

అక్కడే కాంటా దగ్గర పత్తిని ముందుకు జరిపినం. వెనక రెండు ఫీట్లు ఖాళీ పెట్టి, ముందువైపు ఎత్తుగా తొక్కి నింపినం. మళ్లీ తూస్తే 2,430. అంటే హుక్కు మీద 280 కిలోలు. అదే పత్తి, అదే ట్రాలీ, జాగా మారింది అంతే. లోడుతో కలిపి మా ట్రాలీ 3,500 కిలోలు, కాబట్టి హుక్కు మీద 8 శాతం. కార్ల వెనక కట్టే ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండాలని విదేశాల్లో చెప్తారు. ట్రాక్టర్‌కు మీ ట్రాక్టర్ బుక్కులో హుక్కు మీద ఎంత వరకు మోపొచ్చో ఉంటుంది, అది దాటొద్దు. మరీ ఎక్కువైతే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ తిరగదు, ఎక్కుడులో ముందు భాగం పైకి లేస్తుంది. తాత మాటే కరెక్ట్. కాడి మెడ మీద ఆనాలి, మెడ విరగొద్దు.

ఆ రోజు అదే దిగుడులో తిరిగొచ్చినం. ట్రాలీ లైన్ తప్పలేదు.

నాలుగు టైర్ల ట్రాలీ ఉన్నవాళ్లకు ఒక మాట. మీ దాంట్లో ముందు ఇరుసు హుక్కు కడ్డీతో పాటు తిరుగుతుంది కాబట్టి బరువు హుక్కు మీదికి అంతగా రాదు. మీరు చూడాల్సింది వదులు. హుక్కు కన్ను, కడ్డీ ఇరుసుకు కలిసే చోట పిన్నులు, టర్న్ టేబుల్ బోల్టులు, ముందు చక్రాల బేరింగులు. ఒక మనిషి కడ్డీని పక్కలకు ఊపితే ఇంకో మనిషి కింద చూడాలి. ఎక్కడ ముందు కదిలి, చక్రం తర్వాత కదులుతుందో అక్కడ వదులుంది. లోడ్ మాత్రం మీరు కూడా వెనక కుప్ప పోయొద్దు.

సరే, అన్నీ చేసినా ఎప్పుడైనా ఊపు మొదలైతే ఏం చేయాలి? స్టీరింగ్ ఎదురు తిప్పకండి, నిటారుగా పట్టుకోండి. ఒక్కసారిగా బ్రేక్ తొక్కకండి. హ్యాండ్ యాక్సిలరేటర్ పెట్టుకుని పోతుంటే ముందు అది తగ్గించండి, కాలు తీయండి, మెల్లగా స్పీడ్ పడిపోనివ్వండి. దిగుడు రాకముందే చిన్న గేర్‌కు రండి. దిగుడులో క్లచ్ తొక్కి గానీ న్యూట్రల్‌లో గానీ పోనివ్వకండి. అప్పుడు ట్రాలీయే ట్రాక్టర్‌ను నెడుతుంది. ఇంకొకటి, ట్రాక్టర్‌కు కుడి, ఎడమ రెండు బ్రేక్ పెడళ్లు ఉంటాయి కదా, చేలో మలపడానికి. రోడ్డెక్కేముందు రెండిటినీ కలిపే లాక్ వేయండి. లేకపోతే ఒకవైపే బ్రేక్ పడి ట్రాక్టర్ గిర్రున తిరుగుతుంది. మా తమ్ముడు ఆ లాక్ ఎప్పుడూ వేయలేదని అప్పుడే తెలిసింది.

చివరగా ఇది చెప్పకుండా పోలేను. మన దగ్గర నాట్లకు, పత్తి ఏరడానికి కూలీలను ట్రాలీలో ఎక్కించుకుని పోతాం. 2018 ఏప్రిల్‌లో పెద్దఅడిశర్లపల్లి మండలం వద్దిపట్ల దగ్గర కూలీల ట్రాక్టర్ ఏఎమ్మార్పీ కాలువలో పడి తొమ్మిది మంది ఆడవాళ్లు చనిపోయారు. అదే ఏడాది జూన్‌లో వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర కూలీల ట్రాలీ మూసీ కాలువలో పడి 15 మంది పోయారు. అవి ట్రాలీ ఊగడం వల్ల జరిగాయని నేను అనడం లేదు. కానీ పత్తి పడితే మళ్లీ ఎత్తుకోవచ్చు. ట్రాలీ సామానుకే, మనుషులకు కాదు. ఆటో కిరాయి ఎక్కువని లెక్క వేసే ముందు, నా ఎక్సెల్ లెక్క గుర్తు తెచ్చుకోండి.

ఆ వారంలోనే వెల్డింగ్ షాపుకు పోయి డబ్బా వెనక పెంచిన రెండు ఫీట్లూ కోయించినం. నాన్న ఏమీ అనలేదు. ఇప్పుడు మళ్లీ రెండు ట్రిప్పులు పోతున్నం, డీజిల్ ఎక్కువైతుంది. కోసిన ముక్కను నాన్న ఇంటికి తెచ్చి మేకల దొడ్డికి తలుపు చేసిండు.

ఆ బైక్ ఆయనది పక్క ఊరే. పోయి కలిసిన. పాప మోచేయి మానిపోయింది, చిన్న మచ్చ ఉంది. "చూపిచ్చుకున్నం అన్నా, బండి బాగైంది" అని చెప్పిన. ఆయన చాయ్ పోసిండు. తన బావ దగ్గర కూడా ట్రాలీ ఉందట, అది కూడా లోడుతో ఊగుతదట. ఫోన్ నంబర్ ఇచ్చిండు. రేపు ఆదివారం టేపు పట్టుకుని పోతున్నా.

మీ ఇంట్లో ట్రాలీ నడిపేవాళ్లకు ఈ వీడియో వాట్సాప్‌లో పంపండి. ఈ సీజన్‌లో మొదటి లోడ్ మిల్లుకు పోయినప్పుడు కాంటా మీద ఆ రెండు తూకాలు వేయించుకోండి. మాకు మొత్తం 120 రూపాయలైంది.